కడుపునొప్పి అంటున్న ఆ పిల్లోడి గురించి

పాపా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తా చెప్పింది విని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పలమనేరు పక్క పల్లెలో టీచరుగా చేరి ఇంకా ఏడాది కాలేదు, నాలుగో తరగతి పిల్లోడొకడు రోజూ కడుపునొప్పి అంటాడు, డాక్టరు ఏమీ లేదన్నాడు, తోటి టీచర్లు నాటకాలంటున్నారు. అప్పుడు తొందరలో ఏదో చెప్పేశాను, ఇప్పుడు కూర్చుని రాస్తున్నా.

ఆ నొప్పి అబద్ధం కాదమ్మా. దిగులు, భయం ఉన్న పిల్లలకు నిజంగానే కడుపు నొస్తుంది, తల నొస్తుంది, వాంతి వచ్చేట్టుంటుంది. తొమ్మిదేళ్ళ వాడికి 'నాకు దిగులుగా ఉంది టీచర్' అనడం ఎక్కడొస్తుంది? అందుకే నాటకం అనే మాట నువ్వు అనొద్దు, నీ ముందు ఇంకొకర్ని అననివ్వొద్దు. నొప్పి ఎప్పుడొస్తోందో రెండు వారాలు రాసుకో. సోమవారాలా, లెక్కల పీరియడ్‌కు ముందా, అన్నం బెల్లు అయినాకా? నేను ఇట్లా రాసుకుంటే ఒక ఆడపిల్ల విషయంలో తేలిందేమంటే, బాత్రూమ్ తలుపుకు గొళ్ళెం లేదని ఆ బిడ్డ పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా, ఒంటేలుకు పోకుండా బిగబట్టుకుని కూర్చునేది. గొళ్ళెం వేయించినాం, నొప్పి పోయింది.

తర్వాత, రాత్రి వాడి పక్కన ఎవరు పడుకుంటారో కనుక్కో. మీ పక్క చాలా ఇళ్ళల్లో అమ్మానాయన బెంగళూరులో పనికి పోయి ఉంటారు, బిడ్డ అవ్వ దగ్గర ఉంటాడు, పండక్కి వచ్చినోళ్ళు మళ్ళీ బస్సెక్కినాక వారం రోజులు వాడు మనిషి కాడు. కౌండిన్య అడవి అంచు ఊర్లయితే ఏనుగులు ఒకటి. చేలో ఏనుగులు పడితే నాయన టార్చి తీసుకుని కాపలాకు పోతాడు, ఆయన తిరిగొచ్చే దాకా ఆ బిడ్డ కళ్ళు మూయడు, తెల్లారి నీ క్లాసులో తూగుతాడు. అట్లాంటి రోజు వాణ్ణి లేపి నిలబెట్టొద్దు, అర్ధగంట పడుకోనీ, పాఠం తర్వాత చెప్పుకోవచ్చు.

మాట్లాడించేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని 'ఎందుకు, ఏమైంది' అని అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. చెట్లకు నీళ్ళు పోసే పని ఇద్దరూ కలిసి చెయ్యండి, పుస్తకాలు సర్దండి. చేతులకు పని ఉంటే నోరు దానంతటది తెరుచుకుంటుంది. పదిమందికి కనపడాలి గానీ వినపడకూడదు, వరండా చివర అయితే బాగుంటుంది. వాడు ఒక్క ముక్క చెప్పి ఆగిపోతే నువ్వూ ఆగు. సలహాలివ్వాలని తొందరపడొద్దు, 'అట్లయితే నీకు భయమేసి ఉంటుంది కదా' అంటే చాలు ఆ పూటకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వొద్దు. ఎవరైనా తాకకూడని చోట తాకినారని బిడ్డ చెప్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం నువ్వు పోలీసులకు చెప్పి తీరాల, చెప్పకపోతే నీదే నేరం. ముందే మాటిచ్చేసి తర్వాత తప్పితే ఆ బిడ్డ ఇంక ఎవర్నీ నమ్మదు. 'నువ్వు బాగుండడానికి ఎవరికి చెప్పాల్నో వాళ్ళకే చెప్తా' అను. ఆపదలో ఉన్న పిల్లలకు సాయం చేసే 1098 ఫోన్ నంబరు పిల్లలకు కూడా నోటికి రావాల, బోర్డు పక్కన రాసిపెట్టు.

నా తప్పు కూడా నీకు చెప్పాల. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను మార్కులు తక్కువ నుంచి ఎక్కువకు గట్టిగా చదివేదాన్ని, పిల్లలకు రోషం వస్తుందని. ఒకసారి మొదటి పేరు చదివినాక ఆ పిల్లోడు తల దించుకుని పేపరు తీసుకున్నాడు, మూడు రోజులు రాలేదు, నాలుగో రోజు వాళ్ళ నాయన వచ్చి టీసీ అడిగినాడు. ఏమని ఆపాల్నో నాకు మాట రాలేదు. 2009 విద్యాహక్కు చట్టం బెత్తంతో పాటు ఇట్లా మనసు నొప్పించడాన్ని కూడా నిషేధించింది. మార్కులు ఎవరివి వాళ్ళకే ఇవ్వు.

ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలంటే గేటు దగ్గర అందరి ముందు వద్దు. ముందు వాడిలో నువ్వు చూసిన మంచి ఒకటి చెప్పు, ఆమీదే మిగతాది. లేకుంటే ఆ రాత్రి వాడికి దెబ్బలు పడతాయి.

రెండు వారాలైనా తిండి, నిద్ర సరిగా లేకపోతే, ఆటకు కూడా పోకపోతే ఇంక మన చేతిలో పెట్టుకోకూడదు. 14416, టెలీ మానస్ అని మనసు బాగాలేనప్పుడు సాయం చేసే సర్కారు ఫోన్ నంబరు, ఏ వేళైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు, నువ్వే ముందు చేసి అడుగు. చచ్చిపోతా లాంటి మాట చిన్న బిడ్డ నోట వచ్చినా ఊరికే అన్నాడులే అనుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు, ఇంట్లోవాళ్ళను పిలిపించి ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల. తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వాళ్ళ అవ్వ ఒక్కతే అంత దూరం రాలేనంటే నువ్వు తోడు రా, నేను బస్టాండుకు వచ్చి ఉంటా, మధ్యాహ్నం అందరూ మనింట్లోనే తిందురు.

సోమవారం వాడు ఎట్లా ఉన్నాడో ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ