గడప ఎత్తు కొలిచాకే రోడ్డు తీర్మానం
(మీ ప్రశ్న – మా జవాబు)

ప్రశ్న: మా గల్లీ 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. పాత సీసీ రోడ్డు పగిలిపోయింది. కొత్తది వేస్తాం, అందరి అభిప్రాయంతో తీర్మానం ఇవ్వండని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు చెప్పారు. మీటింగు పెడితే సగం ఇళ్లవాళ్లు రాలేదు. వచ్చినవాళ్లలో కొందరు వేయాలని, కొందరు వద్దని పట్టుబట్టారు. ఏం చేయాలి?
– కాలనీ సంఘం కార్యదర్శి, కరీంనగర్

జవాబు: ‘రోడ్డు కావాలా, వద్దా’ అని అడిగితే జరిగేది ఇదే. వద్దంటున్నవాళ్లకు రోడ్డు మీద కోపం ఉండదు. వానొస్తే నీళ్లు వాకిట్లోకి వస్తాయన్నదే వాళ్ల భయం. అది ఉత్త భయమూ కాదు. పాత రోడ్డు మీదే 150 మిల్లీమీటర్ల మందంతో కాంక్రీటు పోస్తే గల్లీ అరడుగు లేస్తుంది. ఇంకోసారి అలాగే పోస్తే అడుగు. ఆ తర్వాత సంపు మూత కూడా రోడ్డు కంటే కిందికే పోతుంది.

అందుకే ముందు ఎస్టిమేట్ నకలు అడిగి తీసుకోండి. అందులో పాత రోడ్డు తవ్వి తీసేసే పని ఉందా లేదా చూడండి. లేకపోతే టెండరుకు ముందే చేర్పించాలి. అగ్రిమెంటు అయ్యాక అడిగితే ‘అది నా పనిలో లేదు’ అంటాడు కాంట్రాక్టరు. ఆ మాట తప్పని కూడా అనలేం. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తర్వాత తాపీమేస్త్రీని పిలిపించి, నీళ్ల లెవెల్ పైపు పట్టి, కొత్త రోడ్డు ఎంత ఎత్తుకు వస్తుందో ప్రతి ఇంటి గేటు స్తంభం మీదా ఎర్ర సుద్దతో గీత గీయించండి. పదిమంది గంటసేపు వాదించినా తేలనిది ఆ గీత చూస్తే తేలిపోతుంది. రోడ్డు మధ్య భాగం అంచుల కంటే ఎత్తుగా ఉండాలని మరచిపోవద్దు. 50కి 1 వాలు లెక్కన మీ గల్లీకి నడుమ 60 మిల్లీమీటర్లు ఎక్కువ. కాలువ ఒకవైపే ఉంటే వాలంతా అటే ఇస్తారు. అప్పుడు రెండంచులకూ తేడా 120 మిల్లీమీటర్లు. ఎత్తు అంచు వైపు ఇళ్లవాళ్లను విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి.

గీత గీసిన వారంలోపు సాయంత్రం 6 తర్వాత ఇంటింటికీ వెళ్లండి. అద్దెకున్నవాళ్లను వదలొద్దు, ఆ రోడ్డు మీద నడిచేది వాళ్లే. నల్లా పైపు పాతదా, డ్రైనేజీ కనెక్షన్ పొంగుతోందా, ఏడాదిలోపు బోరుగానీ కొత్త కనెక్షన్‌గానీ వేసుకుంటారా, మంచాన ఉన్న రోగులు ఉన్నారా, ఈ నాలుగూ రాసుకోండి. తుప్పుపట్టిన పైపులు ఇప్పుడే మార్పించాలి. రోడ్డుకు అడ్డంగా అక్కడక్కడా 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాలు ఖాళీగా పూడ్పించండి. రేపు కేబుల్, నల్లా పైపు వాటిలోంచి లాగొచ్చు. ఇవి లేకనే ఆరు నెలలకు కొత్త రోడ్డు కోస్తారు. కోసిన చోట మట్టిని పొరలుపొరలుగా దిమ్మిస కొట్టకుండా పైన సిమెంటు పూస్తారు, మొదటి వానకే అది కుంగుతుంది.

తీర్మానంలో ‘రోడ్డు వేయాలి’ అని ఒక్క ముక్క రాసి పంపితే లాభం లేదు. పూర్తి ఎత్తు ఎంత, పాతది తవ్వడం, పైపులు, మ్యాన్‌హోల్ మూతలు రోడ్డుకు సమంగా తేవడం, సగం వెడల్పు చొప్పున పోస్తే ఏ వైపు ముందు పోయాలి, అన్నీ రాయండి. ఒప్పుకోనివాళ్ల అభ్యంతరాలూ వాళ్ల మాటల్లోనే చేర్చి సంతకాలు పెట్టించండి. ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవడం మరవొద్దు.

ప్రశ్న: పోసేటప్పుడు మాలాంటి తెలియనివాళ్లం ఏం చూడగలం?

జవాబు: లారీలు లెక్కపెట్టగలరు! 100 మీటర్లు, 6 మీటర్లు, 150 మిల్లీమీటర్లు అంటే 90 ఘనమీటర్లు. 6 ఘనమీటర్ల కాంక్రీటు మిక్సర్ లారీలైతే 15 రావాలి. 11తో అయిపోయిందంటే మందం తగ్గినట్టే. పోసేముందు, కాంక్రీటు పక్కకు జారకుండా అంచుల్లో నిలబెట్టే పలకల ఎత్తు టేపుతో కొలవండి. పని సులువవుతుందని లారీలో నీళ్లు కలుపుతుంటే ఆపించండి, బలం అక్కడే పోతుంది. సుమారు 4 మీటర్లకొకటి అడ్డంగా కోత పెట్టాలి. లోతు మందంలో మూడో వంతు, కోసేది 24 గంటల్లోపే. ఆలస్యమైతే కాంక్రీటు తనకు నచ్చిన చోట పగులుతుంది. 14 రోజులు మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలపాలి. నీళ్ల ట్యాంకర్లను 28 రోజులు రానివ్వొద్దు. ఈ ఇబ్బంది ముందే తెలిస్తేనే జనం ఓర్చుకుంటారు, కాబట్టి సగం వెడల్పు చొప్పున పోసే సంగతి మీటింగులోనే చెప్పండి.

ప్రశ్న: ర్యాంపులు కొట్టేస్తారని కొందరు సంతకం పెట్టడం లేదు.

జవాబు: రెండువైపులా మీటరు చొప్పున ముందుకొస్తే 6 మీటర్ల గల్లీలో మిగిలేది 4 మీటర్లే, అంబులెన్సు మలుపు తిరగడం కష్టం. పాత రోడ్డు తవ్వి అదే ఎత్తున వేస్తే ర్యాంపు పెంచాల్సిన పనే ఉండదని వాళ్లకు ఎర్ర గీత చూపించండి. కాలువ మీద మాత్రం ఎత్తి తీసే పలకలే వేయించండి, పూడిక తీయాలంటే అదొక్కటే దారి.