ఖాతా పుస్తకం తెరిచి రాయి

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి,

మీ నాన్నగారి గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. అజాతశత్రువు, నిరాడంబరుడు, కష్టజీవి, ఆపద్బాంధవుడు... పెద్దకర్మ కార్డుల మీద అచ్చయ్యే మాటలివన్నీ. పేరు చెరిపి మరొకరి పేరు పెట్టినా ఎవరూ పట్టుకోలేరు. కర్నూలు పాతబస్తీలో కిరాణా కొట్టు నడిపిన మనిషి మాత్రం నాకు అందులో కనిపించలేదు.

మొదటి పేజీ తీసెయ్యి. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కావడం, డేరాల్లో ప్రభుత్వ కార్యాలయాలు నడవడం, 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోవడం మనవాళ్ళకు తెలిసినవే. అయితే అప్పటికే మీ తాతగారు కొట్టు పెట్టారన్నావు. ఆ ఉద్యోగులు నెల సరుకులు ఆయన దగ్గరే కొనేవారా? వాళ్ళు వెళ్ళిపోయాక బేరాలు పడిపోయాయా? ఇంట్లో ఎవరైనా చెప్పగలిగితే ఆ ముక్క ఉంచు. కొండారెడ్డి బురుజుకు మన వర్ణనలు అక్కర్లేదు.

'2009 వరద తర్వాత నాన్న మళ్ళీ కొట్టు తెరిచారు' అని ఒక్క వాక్యంతో దాటేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఆ అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రి కలిసి ఊరిని ముంచేశాయి. కొట్టులో నీళ్ళు ఏ అర దాకా వచ్చాయి? బెల్లం, ఉప్పు కరిగిపోయి ఉంటాయి, పప్పు బస్తాలు ఉబ్బి పిగిలి ఉంటాయి. మరి ఖాతా పుస్తకాలు ఏమయ్యాయి? అరువు మీద నడిచే కొట్టుకు అసలు ఆస్తి అదే కదా. సిరా కలిసిపోయిన పుటలను ఎండబెట్టుకున్నారా, గుర్తున్నంతవరకు బాకీలు కొత్త పుస్తకంలోకి ఎక్కించారా? తమంతట తామే వచ్చి కట్టినవాళ్ళు ఉంటారు, మొహం చాటేసినవాళ్ళూ ఉంటారు. ఆయన ఎవరిని అడిగారు, ఎవరిని అడగకుండా వదిలేశారు? ఆయన మంచితనం గురించి నువ్వు చెప్పదలచుకున్నది ఈ జవాబుల్లో దొరుకుతుంది. పల్లె రైతులు పంట అమ్ముకున్నాక బాకీ కట్టేవారని రాశావు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ ధర పడిపోయిన ఏడు ఆ పద్దులు తీరి ఉండవు. అప్పుడు మీ ఇంట్లో ఏ ఖర్చు ఆగింది?

అమ్మను 'తోడునీడ' అనేసి వదిలేయడం అన్యాయం. ఆయన సరుకుకు వెళ్తే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదెవరు? చింతపండు గింజలు తీసి పొట్లాలు కట్టిందెవరు? వరద తర్వాత పెట్టుబడి ఎక్కడిదో ఆమెనే అడుగు. నగలు కుదువ పెట్టి ఉంటే, విడిపించారో లేదో కూడా రాయి.

ఇంటికి తెచ్చిన బిస్కెట్ పొట్లానికి కూడా ఆయన పద్దు రాసేవారనీ, అందుకు నువ్వు అలిగేదానివనీ ఒక పేరా రాసి కొట్టేశావు. ఎందుకు? పిసినారి అనుకుంటారనా? అనుకోనీ. వ్యాసం మొత్తంలో నేను నమ్మింది ఆ పేరానే. సొంత ఇంటికి కూడా లెక్క రాయకపోతే చిన్న కొట్టు నిలవదని ఆయనకు తెలుసు.

బాకీదారుల పేర్లు, ఊళ్ళు మాత్రం మార్చు. వాళ్ళ మనవలు ఇంకా అదే వీధిలో తిరుగుతుంటారు. పైగా తీర్చలేకపోయినవాడి కష్టమేమిటో మనం వినలేదు.

సంవత్సరీకం నాటికి పుస్తకం పంచాలని ఉందన్నావు. కుదరకపోతే ఆ రోజు భోజనాలతో సరిపెట్టండి, పుస్తకం తర్వాత వేసుకోవచ్చు. ముందు అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి నాకు పంపు.

ఆశీస్సులతో