టెక్ సందేహాలు: సర్వేకు ఏ యాప్ మంచిది?

ప్రశ్న: మా జిల్లాలో బీడీలు చుట్టే మహిళల పనిగంటలు, కూలి మీద ప్రాజెక్టు చేస్తున్నాను. గూగుల్ ఫామ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెట్టాను. జవాబులు బాగానే వస్తున్నాయి. కానీ చాలా ఫామ్‌లు వాళ్ల పిల్లలే నింపుతున్నారని తెలిసింది. ఇంతకంటే మంచి ఉచిత యాప్ ఉందా?
– ఎం.ఏ. విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: ఉంది, చెబుతాను. ముందు ఆ లింకు పంపడం ఆపేయండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు 26.5 శాతమే. తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. అయినా మీ లింకు చదువుకున్న పిల్లలున్న ఇంటికే ముందు చేరుతుంది. ఒంటరిగా ఉంటూ, చూపు తగ్గినా ఇంకా చుడుతున్న పెద్దావిడ మీ లెక్కలోకి రానే రాదు. మీ పరిశోధన ఎవరి కోసమో ఆమే అందులో లేకుండా పోతుంది.

జవాబులు ఎక్కువ వచ్చినంత మాత్రాన ఈ లోటు తీరదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక అధ్యక్ష ఎన్నికల ముందు దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. అభ్యర్థుల్లో లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలను ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల యజమానుల జాబితాల నుంచి తీసుకున్నారు. ఫోను, కారు లేని పేదలను వదిలేశారు. పైగా, పంపినవారిలో ఎక్కువమంది జవాబే ఇవ్వలేదు.

అందుకే ఇంటింటికీ వెళ్లండి. బీడీలు చుట్టే ఇళ్ల జాబితా రాసుకుని, చీటీ తీసి ఒక ఇంటితో మొదలుపెట్టి, అక్కడి నుంచి ప్రతి అయిదో ఇంటికి వెళ్లండి. తలుపు తీయని ఇంటికి మర్నాడు మళ్లీ వెళ్లాలి. పక్కింటితో సరిపెట్టుకోకూడదు.

ఇక యాప్. సర్వే ఫామ్‌లు తయారుచేసుకునే కోబోటూల్‌బాక్స్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, ఆండ్రాయిడ్ ఫోనులో దాని యాప్ కోబోకలెక్ట్ వేసుకోండి. ఫామ్ ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేని ఊళ్లోనూ పనిచేస్తుంది. జవాబులు ఫోనులోనే ఉండి, నెట్ దొరికాక సర్వర్‌కు వెళ్తాయి. ప్రశ్నలు తెలుగులోనే పెట్టుకోవచ్చు. పీఎఫ్ ఉందన్నవారికే 'ఏ సంవత్సరం నుంచి' అన్న ప్రశ్న కనిపించేలా షరతు పెట్టవచ్చు. రోజుకు చుట్టే బీడీల సంఖ్యకు పరిమితి పెడితే, 1000 బదులు పొరపాటున 10000 కొట్టినప్పుడు ఫామ్ ముందుకు కదలదు. సాయంత్రం ఇంటికొచ్చి తలపట్టుకునే తప్పు అక్కడికక్కడే, ఆమె ఎదురుగా ఉండగానే దిద్దుకోవచ్చు.

మీ అసలు చిక్కు మాత్రం ఏ యాప్‌తోనూ తీరదు. 'రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు?' అని అడిగితే ఆమె ఏమని చెబుతుంది? ఒళ్లో చాట, పొయ్యి మీద అన్నం. ఆకు కత్తిరిస్తూనే కుక్కర్ కూతకు లేస్తుంది, మనవడికి తినిపించి మళ్లీ కూర్చుంటుంది. ఆ గంటలు ఆమెకే లెక్క తెలియదు. జాతీయ గణాంక కార్యాలయం 2019 టైమ్ యూజ్ సర్వేలో ముందురోజు తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 వరకు, అరగంటకు ఒక గడి చొప్పున ఏం చేశారో రాయించుకుంది. మీరూ అలా 48 గడులు పెట్టండి. ఒకే అరగంటలో రెండు పనులు జరిగితే రెండూ రాయండి. నలుగురైదుగురి ఇళ్లలో ఒక్కొక్క పూట ఊరికే కూర్చుని చూడండి కూడా. మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన పేజీలు ఆ నోటుపుస్తకం నుంచే వస్తాయని నా నమ్మకం.

ప్రశ్న: ముఖాముఖి మాటలను ఫోనులో రికార్డు చేస్తున్నాను. తెలుగులో వాటంతట అవే అక్షరాల్లోకి మారే మార్గం ఉందా?
– పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: విస్పర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కు తెలుగు వచ్చు. మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి ఆడియో బయటకు పోదు. ముక్కూ మొహం తెలియని ఉచిత వెబ్‌సైట్లకు మాత్రం ఎక్కించకండి. నమ్మి చెప్పిన మాటలవి. యాస, ఊరి పేర్లు, అంకెలు తప్పుగా పడే అవకాశం ఎక్కువ. వచ్చిన పాఠాన్ని చిత్తుప్రతిగా పెట్టుకుని, ఆడియో వింటూ వాక్యం వాక్యం దిద్దుకోవాలి. రికార్డు చేసేటప్పుడు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ తెగిపోవచ్చు. అనుమతి అడిగిన మాట, ఆమె సరేనన్న మాట కూడా రికార్డు చేయండి.

ప్రశ్న: గృహహింస గురించి అడగాలి. చదువు రాని మహిళలు ఎదురుగా చెప్పడానికి జంకుతున్నారు. ట్యాబ్ సాయపడుతుందా?
– ఎన్జీవో కార్యకర్త, కర్నూలు

జవాబు: సాయపడుతుంది. కోబో ఫామ్‌లో ప్రశ్నకు ఆడియో, జవాబుకు బొమ్మ జోడించవచ్చు. ఇయర్‌ఫోన్స్‌లో ప్రశ్న ఆమె ఒక్కతే వింటుంది. అవునంటే ఒక బొమ్మ, కాదంటే ఇంకో బొమ్మ నొక్కుతుంది. మీరు తెర వైపు చూడకుండా కూర్చోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్నలు ఇంటికి ఒక్క మహిళనే, అదీ ఏకాంతం దొరికితేనే అడుగుతారు. భర్తో అత్తగారో లోపలికి వస్తే ట్యాబ్‌లో వెంటనే తెరవడానికి తాగునీటి ప్రశ్నలు గానీ, రేషన్ ప్రశ్నలు గానీ ఉన్న ఒక పేజీ సిద్ధంగా పెట్టుకోండి.