మీ నాయనమ్మ వీణకు జోడు

బొబ్బిలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

నువ్వు పంపిన మీ నాయనమ్మ గారి వీణ ఫొటోలన్నీ చూశాను. కుండను పైన మూసే పలక పగిలిందని, ఒక పక్క లేచిపోయిందని, నాదం మోగే ఆ బోలు కుండ అడుగున పురుగు తొలిచిందని, అది ఇక పలకదని రాశావు. అచ్చం అలాంటిదే నీ చేత్తో చేసి మీ నాన్నకు ఇవ్వాలని ఉందన్నావు. ఆ చివరి వాక్యం మీ అత్తయ్యకు కూడా చదివి వినిపించాను.

ఆ వీణను నేను మొదట చూసింది మీ అమ్మ పెళ్లిలో. మీ నాయనమ్మ గారు విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్న మనిషి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన ఆ కళాశాల గురించి ఆవిడ చెబుతూ ఉంటే పెళ్లిపనులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ వేళ ఆవిడ వాయిస్తుంటే నా చూపు వేళ్ల మీద లేదు, కుండ మీద ఉంది. తీగల కింద సాగే పొడవాటి దండికీ కుండకూ నడుమ ఎక్కడా అతుకు లేదు. ఒకే దుంగలోంచి తీసిన ఏకాండి వీణ అది. బొబ్బిలి పక్కనున్న మన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న పని. నేను నలభై ఏళ్లు ఉలి పట్టింది కూడా ఆ వీధిలోనే కాబట్టి ఇది ధైర్యంగా రాస్తున్నాను.

దండి కొనన సింహం ముఖంలాంటి యాళి తల, అంచుల మీది లతలు, నల్ల గీతలు కొంతకాలం చెయ్యి తిరిగితే నీకూ వస్తాయి. వీణ అసలు ఉండేది లోపల తొలిచిన బోలులో. కుండ గోడ ఎక్కడ మందంగా ఉండాలో, ఎక్కడ పలచనవ్వాలో ఆ పాత పనివాడు తట్టి విని, ఇక చాలనుకుని ఒకచోట ఉలి ఆపాడు. నువ్వు దించుకోవలసింది ఆ ఆపిన చోటును.

అందుకని మొదటి నెల ఉలి ముట్టకు. కొలతలు తియ్యి. ముందు ఏడు తీగలనూ వరుసగా కొంచెం కొంచెం వదులు చెయ్యి. ఒకే తీగను పూర్తిగా విప్పేసి తరవాతి దానికి వెళ్లకు. ఏళ్ల తరబడి బిగువు మోసిన కర్రకు ఆ బిగువు ఒక్కసారిగా పోతే పాత పగులు ఇంకా నోరు తెరుస్తుంది. బయటి వంపులకు అట్టముక్కలు కత్తిరించి ఆనించి చూడు. సందు లేకుండా కూర్చునేదాకా కత్తిరిస్తూనే ఉండు. దండి పైకొనన తీగలు ఆనే మేరువు నుంచి, పలక మీద అవి ఆనే గుర్రం దాకా ఉన్న పొడవును ఒకటికి మూడుసార్లు కొలువు. మొత్తం బరువు కూడా తూచి రాసుకో, ఇది చాలామంది మరిచిపోతారు.

లోపలి కొలతలకు పలక తీయాలి. అది ఎలాగూ ఒక పక్క లేచి ఉంది. అయినా నువ్వు ఊడదీయకు, బొబ్బిలి తీసుకురా. ఇక్కడ ఇద్దరం కూర్చుని తీద్దాం. తీశాక రెండు వెదురు బద్దలకు నడుమ మేకు బిగించి, కొనలు లోపలికి తిరిగేలా పెద్ద పట్టకారు ఒకటి చేసుకుందాం. కుండ మీద సుద్దతో గళ్లు గీసి, ఒక్కో గడిలో మందం ఎంతో మిల్లీమీటర్లలో కాగితం మీద రాయి. కుడివైపు అంకెలూ ఎడమవైపు అంకెలూ కలవవు. వాటిని సరిచేయాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. సరిచేయకు. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇక కర్ర. 2018 తిత్లీ తుపానులో మీ ఉద్దానం తోటలో కూలిన పనస దుంగ పాకలో పడి ఉందన్నావు. పనస మంచి కర్ర. చేవదేరిన పనస బరువు తక్కువ, నాదం ఎక్కువ, పురుగు అంత తొందరగా దగ్గరికి రాదు. మీ వీణను పురుగు తొలిచిన చోట చూడు, అక్కడ బయటి తెల్లచెక్క మిగిలి ఉంటుంది. పసుపురంగు చేవ మాత్రమే తీసుకుని తెల్లచెక్కను మొత్తం చెక్కేయి. దుంగ నడిమధ్య మెత్తటి భాగం కూడా పనిలోకి రాకూడదు, పగుళ్లు అక్కడి నుంచే బయలుదేరతాయి.

కానీ గాలికి కూలిన చెట్టు విషయంలో నాకొక భయం ఉంది. పెనుగాలికి కాండం వంగినప్పుడు, వంపు లోపలివైపు కర్ర నలిగి అడ్డంగా సన్నటి చిట్లు పడతాయి. పైకి కనిపించవు. దుంగను నిలువునా కోయించి, ఒక ముఖాన్ని నున్నగా చిత్రిక పట్టు. తడిగుడ్డతో తుడిచి, పొద్దుటి ఏటవాలు వెలుతురులో చూడు. పొరకు అడ్డంగా వెంట్రుకంత ముడత గీతలు ఉంటే ఆ ముక్క వీణకు పనికిరాదు. తోటలో పెరిగిన చెట్టన్న మమకారంతో వాడకు. తీగల బిగువుకు ఎప్పుడో ఒకప్పుడు అది అక్కడే విరుగుతుంది. గీతలు లేకపోతే మాత్రం నీ అదృష్టమే. ఇన్నేళ్లు నీడన ఆరిన పనస ఈ రోజుల్లో డబ్బు పెట్టినా దొరకదు.

తొలవడం ఒకే విడతలో ముగించకు. బాడిసతో ముతకగా తొలిచి, గోడను కావలసిన దానికంటే రెండింతల మందంలో వదిలెయ్యి. దుంగ కొనలకు మైనం పూసి, గాలి ఆడే నీడలో మూడు నెలలు ఉంచు. కర్రలో తడి కొనల నుంచి తొందరగా పోతుంది కాబట్టి చీలిక అక్కడే పుడుతుంది. ఆ మూడు నెలల్లో దుంగ కొద్దిగా మెలి తిరుగుతుంది. తిరగనివ్వు. ఆ తరవాత ఉలితో అసలు కొలతకు దిగు, అప్పుడు కూడా రాసుకున్న అంకెకు ఒక మిల్లీమీటరు ఎక్కువే ఉంచు. ఆ చివరి మిల్లీమీటరు చెవి చెప్పినట్టు తీయాలి. కుండను ఒళ్లో పెట్టుకుని బొటనవేలి కణుపుతో తట్టు. ముందు మూలుగులా మొద్దుగా ఉంటుంది. గాజుముక్కతో గీరుతూ పోతే ఒక దశలో తట్టిన తరవాత కూడా కాసేపు మోగుతుంది. మీ నాయనమ్మ గారి కుండ పక్కనే పెట్టుకుని దాన్నీ దీన్నీ మార్చి మార్చి తట్టు. నీ కర్ర వేరు, ఆ కర్ర వేరు. అంకెలు కలిసినా మోత కలవకపోతే మోతనే నమ్ము.

పలకను ఏ నెలలో అతికిస్తావన్నది కూడా ముఖ్యం. నేను కుర్రతనంలో శ్రావణమాసం ముసురులో ఒక వీణకు పలక అతికించాను. అడిగినవారికి తొందర, నాకూ తొందర. సంక్రాంతి గాలికి ఆ పలక ఎండి ముడుచుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి చీలిపోయింది. తెచ్చినవారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇప్పటికీ బాధ. మాఘ ఫాల్గుణాల్లో, కర్ర బాగా ఎండి ఉన్నప్పుడు అతికించు. వానలకు అది కాస్త ఉబ్బినా ప్రమాదం లేదు.

పాత వీణ అంచుల్లో ఉన్నది ఏనుగు దంతమో జింక కొమ్మో అయి ఉండవచ్చు. వాటికోసం ఎవరినీ అడగకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి వ్యాపారం నేరం. తెల్ల ప్లాస్టిక్కు ముక్కలు చాలు. రెండో బుర్రకు మాత్రం అసలు సొరకాయే వాడు. పెరట్లో పాదు పెట్టి, కాయను తీగ మీదే ఎండనివ్వు. ఊపితే లోపల గింజలు గలగలమనాలి.

తీగను వేలితో నొక్కే మెట్ల దగ్గర లెక్కా కావాలి, చెవీ కావాలి. పదిహేడో శతాబ్దం తొలినాళ్లలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో వీణకు 24 మెట్లు స్థిరపడ్డాయంటారు, మన వీణకూ అవే. మేరువు నుంచి గుర్రానికి 80 సెంటీమీటర్లు ఉందనుకో. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 40 దగ్గర పడుతుంది. ఇరవై నాలుగోది గుర్రానికి 20 సెంటీమీటర్ల దూరంలో. మధ్యవాటికి, మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించు. మొదటి మెట్టు మేరువుకు 4.49 సెంటీమీటర్లలో, రెండోది దానికి 4.24 దూరంలో వస్తుంది. ఇవి పెన్సిలు గీతలు మాత్రమే. వేలితో నొక్కినప్పుడు తీగ బిగిసి శ్రుతి కొంచెం పెరుగుతుంది కాబట్టి మెట్టు గీత మీద కాకుండా కొద్దిగా మేరువు వైపు కూర్చోవాలి. ఎంత అన్నది ఏ లెక్కా చెప్పదు.

మేళం కట్టడానికి, అంటే మెట్లను దండి మీద కూర్చడానికి, తేనెమైనంలో గుగ్గిలం, మసి కలిపి సన్నటి సెగ మీద కరిగించు. గుగ్గిలం తక్కువైతే ఎండాకాలంలో మెట్లు కదులుతాయి, ఎక్కువైతే చలికాలంలో మైనం పెళుసెక్కుతుంది. గోరు గుచ్చితే దిగాలి, ముక్క ఊడకూడదు. దండికి రెండు పక్కలా మైనం గట్టు వేసి, గోరువెచ్చగా ఉండగానే పన్నెండో మెట్టు పెట్టు. ప్రధాన తీగ అయిన సారణిని ఎక్కడా నొక్కకుండా వదిలి మీటు, తరవాత మెట్టు మీద నొక్కి మీటు. రెండు షడ్జాలూ కలిసేదాకా బొటనవేళ్లతో జరుపు. అది కుదిరాక ఏడోది, పంచమం. ఆపైన మిగిలినవి. రోజుకు ఆరు మెట్ల కంటే ఎక్కువ పెట్టకు. చెవి అలిసిపోతే తప్పుడు స్వరం కూడా తీయగానే వినిపిస్తుంది.

చివరగా గుర్రం. దాని మీది రేకు చూడటానికి చదునుగా ఉంటుంది కానీ చదును కాదు, తీగ వెళ్లే దారిలో చిన్న వంపు ఉంది. తీగ ఆ వంపు మీద తాకుతూ విడుస్తూ కదలడం వల్లే వీణకు ఆ మెరుపు నాదం వస్తుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ గారు 1921లో వీణ, తంబూరాల గుర్రం గురించే ఒక వ్యాసం రాశారు. తీగను మీటిన చోటును బట్టి వినపడకూడని అనుస్వరాలు కూడా ఈ గుర్రం వల్ల వినపడతాయని అందులో చూపించారు. ఆ వంపును ఆకురాయితో తెచ్చేటప్పుడు నాలుగు రాకుళ్లు ఎక్కువైతే తీగ జీరపోతుంది, తక్కువైతే మూగబోతుంది. నాకే ఇప్పటికీ ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది.

పలక మూసేముందు కుండ లోపల పెన్సిలుతో నీ పేరు, సంవత్సరం, కర్ర ఏ తోటదో, ఏ వీణకు జోడో రాసిపెట్టు. ఎప్పుడో ఎవరో దీన్ని కూడా విప్పుతారు.

గుర్రం దశకు వచ్చాక ఒక్కడివీ మొదలుపెట్టకు. ఫోను చెయ్యి, ఉదయం బస్సుకు వస్తాను. సన్న ఆకురాయి నా దగ్గరే ఉంది, తెస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య