ప్రాజెక్టు పనికి మార్కులు వేసేదెలా?

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి సైన్సు బోధిస్తున్నాను. ‘నీటి పొదుపు’ మీద ప్రాజెక్టు చేసి తెమ్మంటే నలభై మందిలో ముప్పై మంది దుకాణంలో కొన్న బొమ్మలు అతికించి, ఫోనులో దొరికిన సమాచారాన్ని చూసి రాసి తెచ్చారు. అందరికీ 8, 9 వేసి ఊరుకోవలసి వస్తోంది. ఏం చేయాలి?
— ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: తప్పు పిల్లలది కాదు, ఇచ్చిన పనిది. ‘నీటి పొదుపు’ అన్నది పాఠం పేరే తప్ప ప్రశ్న కాదు కనుక, దానికి ఎక్కడో ఒకచోట సిద్ధంగా జవాబు దొరుకుతుంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే పాఠాలు సాగుతుండగానే పిల్లల ప్రగతిని అంచనా వేసే పద్ధతిలో, భాగస్వామ్యానికి, రాత పనులకు, ప్రాజెక్టుకు పదేసి మార్కులు, లఘు పరీక్షకు 20 కేటాయించి మొత్తం 50 చేసినప్పుడు, రాత పరీక్షలో బయటపడని సామర్థ్యాలు ప్రాజెక్టులో కనబడాలన్నదే ఉద్దేశం. కాబట్టి ఆ పిల్లవాడి ఇంట్లో తప్ప మరెక్కడా దొరకని సమాచారాన్ని అడగండి.

ఉదాహరణకు, ఇంట్లోనో వీధిలోనో కారుతున్న కుళాయి కింద గ్లాసు పెట్టి, అది ఎన్ని నిమిషాల్లో నిండుతుందో మూడుసార్లు కొలిచి రమ్మనండి. పది నిమిషాలకు 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండితే రోజుకు 28.8 లీటర్లు వృథా అవుతున్నట్లు లెక్క. మూడు కొలతలూ సరిగ్గా ఒకటే వచ్చాయని రాసిన పిల్లవాడిని కొంచెం అనుమానించవచ్చు. తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలిగినవాడు సైన్సు నేర్చుకున్నట్టే. కారే కుళాయి దొరకనివారు మామూలు కుళాయిని కొద్దిగా వదిలి కొలిచి, ఆ నీటిని బిందెలోకి పట్టుకోవచ్చు.

పది మార్కులను పని ఇచ్చే రోజే విడగొట్టి బోర్డు మీద రాయండి: కొలతలకు 3, లెక్కకు 2, తేడాల వివరణకు 3, రెండు నిమిషాలు నోటితో చెప్పడానికి 2. అట్టకు, రంగులకు సున్నా. నలభై మందినీ ఒక్క రోజే అడగనక్కర లేదు. రోజుకు ఐదుగురి చొప్పున అడిగితే ఎనిమిది పనిదినాల్లో అయిపోతుంది. మార్కు చెప్పడానికి ముందు ఒక వాక్యం వ్యాఖ్య రాసి ఇవ్వండి. 1988లో పరిశోధకురాలు రూత్ బట్లర్ ఇజ్రాయెల్ పిల్లలతో చేసిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారు తరువాతి పనిలో మెరుగుపడగా, మార్కు, వ్యాఖ్య రెండూ కలిపి అందుకున్నవారిలో ఆ మెరుగుదల కనబడలేదు. రిజిస్టరులో మార్కు ఎలాగూ ఎక్కించాలి. కాస్త ఆలస్యంగా చెబితే చాలు.

ప్రశ్న: లఘు పరీక్షలో అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే ఇస్తే దిద్దడం సులభం. అలా చేయవచ్చా?
— గణిత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: అన్నీ అవే వద్దు, లెక్క ఏ మెట్టులో తప్పిందో తెలియాలంటే మెట్లు రాయించక తప్పదు. కొన్ని మాత్రం పెట్టవచ్చు, అయితే తప్పు జవాబులను పిల్లలు నిజంగా చేసే పొరపాట్ల నుంచే తీసుకోవాలి. ‘0.8, 0.35, 0.125లో ఏది పెద్దది?’ అని అడిగితే, 0.125ను ఎంచుకున్నవారు బిందువు తరువాతి భాగాన్ని నూట ఇరవై ఐదుగా చదువుతున్నారని వెంటనే తెలుస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. అంకెలు తక్కువగా ఉన్నదే పెద్దదని పొరబడేవారు కూడా 0.8నే గుర్తించి పూర్తి మార్కు కొట్టేస్తారు. అందువల్ల దాని పక్కనే ‘0.4, 0.62లో ఏది పెద్దది?’ అన్న ప్రశ్న కూడా పెట్టండి. వారు అక్కడ 0.4 అంటారు.