కోడెడ్ మాస్క్‌ని ముసుగు అనొచ్చా?

సందేహం: ఆకాశంలో ఉన్నట్టుండి వెలిగి ఆరిపోయే ఎక్స్‌రే చుక్కలు ఎక్కడున్నాయో పట్టే పరికరాల గురించి పిల్లలతో గోడపత్రిక రాయిస్తున్నాం. 'ట్రాన్సియంట్'కి తాత్కాలిక, 'కోడెడ్ మాస్క్'కి సంకేత ముసుగు, 'లాబ్‌స్టర్ ఐ'కి పీత కన్ను అని పెట్టాం, సరేనాండీ? – ఒక టీచర్, రాజోలు

సమాధానం: ముందు ఆ పీతని తీసేయండి మేడమ్. లాబ్‌స్టర్ రొయ్యకి చుట్టం, కన్ను కూడా రొయ్య కన్నులాంటిదే. భూతద్దంలో చూస్తే ఈగ కంటి గళ్లు ఆరు పలకలుగా ఉంటాయి, రొయ్యవి మాత్రం చదరంగా ఉండి లోపలి గోడలే అద్దాల్లా వెలుగుని మళ్లిస్తాయి. ఎక్స్‌రేలకి ఇలాంటిది చెయ్యొచ్చని 1979లో రోజర్ ఏంజెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు, 2024 జనవరిలో చైనా పంపిన ఐన్‌స్టైన్ ప్రోబ్ ఉపగ్రహంలో ఉన్నది ఈ పద్ధతే. చెరువుల సీమలో ఉండి 'రొయ్య కన్ను' అనకపోతే ఎలాగండీ!

ఇక ముసుగు. ముసుగు దాచేది, ఇదేమో చూపించేది. మామూలు కటకం ఎక్స్‌రేలని ఒకచోటికి చేర్చలేదు కాబట్టి చిల్లులున్న పలక అడ్డంపెట్టి కింద పడే నీడ చూస్తారు. పాకకి కట్టిన కొబ్బరాకు తడికలోంచి మధ్యాహ్నం ఎండ నేలమీద చుక్కలు చుక్కలుగా పడుతుంది కదా, పొద్దు వాలేకొద్దీ ఆ చుక్కలు జరుగుతాయి, తలెత్తకుండానే సూర్యుడు ఎటున్నాడో చెప్పెయ్యొచ్చు, అంతే సంగతి. కాకపోతే తడిక అల్లిక అంతా ఒకేలా ఉంటే నీడ సరిగ్గా ఒక చిల్లు మేర జరిగినా మనకి తేడా తెలీదు, అందుకని చిల్లులు అడ్డదిడ్డంగా ఉండాలి, అంటే మా తాతగారి పశువులపాక తడికలా అన్నమాట, ఎలకలు కొట్టినచోట ఒకలా, గాలికి చిరిగినచోట ఇంకోలా. 2004లో వెళ్లిన నాసా ఉపగ్రహం స్విఫ్ట్‌లో సుమారు 52,000 సీసం బిళ్లలు అలాగే చెల్లాచెదురుగా పేర్చారు, కింద నీడ పట్టడానికి 32,768 డిటెక్టర్ ముక్కలు. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోనూ ఇలాంటి పలకలే. నన్నడిగితే 'నీడ తడిక' అంటాను. 'సంకేత' అక్కర్లేదు, పిల్లలు ఏదో రహస్య లిపి అనుకుంటారు.

తాత్కాలిక అంటే నాకు తాత్కాలిక ఉద్యోగి గుర్తొస్తాడు, ఎవరో కొన్నాళ్లకని పెట్టినట్టు. పోనీ క్షణికం అందామా అంటే వీటిలో కొన్ని సెకన్లలో ఆరిపోతే కొన్ని నెలలు వెలుగుతాయి, కొన్ని ఏళ్ల తర్వాత మళ్లీ వస్తాయి కూడాను. చుట్టాలకి వాడే 'వచ్చిపోయే' బానే అతుకుతుంది. సోర్స్‌కి, అంటే ఎక్స్‌రేలు వెలువడే చోటుకి, మాత్రం వనరు అని రాయకండి, 'జనకం' ఉంది, ఫిజిక్స్ పుస్తకాల్లో కాంతి జనకం అని చదువుకున్నదే.