చీరంత ఒక రంగు, అంచంత ఇంకో రంగు

చిరంజీవి చిట్టికి, పెద్దబాపు ఆశీస్సులు.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు నువ్వు తీసి పంపిన ఫొటోలన్నీ పెద్దగా చేసి చూశాను బిడ్డా. ఫోకస్ ఎక్కడా తప్పలేదు. కానీ ఒక్కో ఫొటోలో పదేసి రంగులున్నాయి, పదీ ఒకేసారి పిలుస్తున్నాయి. కన్ను ఎక్కడా ఆగడం లేదు. సద్దుల బతుకమ్మకి ఇంకా వారం ఉంది కదా, ఈలోపు ఫొటోలో రంగుల గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

ఫోన్లో దింపుకున్నానన్నావే రంగుల చక్రం, దాన్ని పట్టుకుని మీ నాయనమ్మ చీరల పెట్టె తెరువు. పసుపు చీరకి వంగపండు రంగు అంచు, ఆకుపచ్చ చీరకి ఎర్రంచు. చక్రంలో ఎదురెదురుగా కూర్చునే జంటలే ఇవి. ఎదురు రంగు పక్కన చేరితే ఏ రంగైనా ఇంకాస్త మెరుస్తుంది. పారిస్‌లో గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాలు చూసుకునే షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్తకి, నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదులొచ్చాయి. వెతికితే లోపం అద్దకంలో లేదు, పక్కనున్న దారం రంగులో ఉంది. 1839లో ఆయన దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు.

అంచు జానెడే ఉంటుందని మాత్రం మర్చిపోకు. సగానికి సగం అయితే రెండు రంగులూ కొట్టుకుంటాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఎర్రటి మిర్చి రాశుల మధ్య ఆకుపచ్చ చీర కట్టిన మనిషి ఒక్కతే నడిచివస్తే చూపు నేరుగా ఆమె మీదికే పోతుంది. అందుకే కెమెరా ఎత్తకముందే అడుగు: ఇందులో చీర ఏది, అంచు ఏది? మూడో రంగు కనిపిస్తే పక్కకి జరుగు, లేదా వంగు, లేదా దగ్గరికి పో.

బతుకమ్మ దగ్గరికి పోయి చూడు. తంగేడు వరసల మధ్య వంగపండు రంగు అద్దిన గునుగు వరస ఒకటి ఉంటుంది. తాంబాళం, చుట్టూ ఉన్నవాళ్ల చీరలు, వెనక ఫ్లెక్సీలు అన్నీ వదిలేసి ఫ్రేములో ముప్పావు తంగేడు, పావు గునుగు ఉండేలా పట్టు. ఆ గునుగుని సర్దుతున్న వేలికొన ఒకటి పడితే ఇంకేం కావాలి.

ఒక చిక్కుంది. పైన చెప్పింది చిత్రకారుల చక్రం, వెలుగు చక్రం వేరు. వెలుగులో పసుపుకి ఎదురు నీలం, ఆకుపచ్చకి ఎదురు మెజెంటా, మన రాణీ రంగు లాంటిది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనపడేలా దిద్దేది, నడిచేది దీని మీదే. ఫిల్ము రోజుల్లో ఒక పెళ్లికి 5,500 కెల్విన్ల (వెలుగు రంగుని కొలిచే లెక్క) పగటి ఫిల్ము వేసుకుని, నీలం ఫిల్టర్ ఇంట్లో మరిచిపోయి వెళ్లాను. మంటపంలో అన్నీ పసుపు వెలుగిచ్చే మామూలు బల్బులు. పెళ్లికూతురి తెల్లచీర పసుపు ముద్దలా వచ్చింది, ల్యాబులో ఎంత దిద్దినా మొహాలు బాగుపడలేదు. ఆల్బం తిప్పుతూ వాళ్ల నాన్న ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది. రంగు గుడ్డ షామియానా కింద కూడా ఇదే గండం. గుడ్డ రంగు మొహాలకి అంటుకుంటుంది, ఆ తర్వాత ఏ స్లయిడరూ పూర్తిగా కడగలేదు. మనుషుల్ని షామియానా అంచుకి పిలిచి, బయటి వెలుతురు మొహాన పడేలా నిలబెట్టు.

సద్దుల నాడు ఐదున్నరకే చెరువు గట్టు చేరుకో. పొద్దు గూకాక మన దగ్గర వెలుగు ఇరవై నిమిషాలకి మించి నిలవదు. ఆకాశం, నీళ్లు ముదురు నీలంలోకి దిగుతాయి, దీపాలు నారింజ రంగులో వెలుగుతాయి. చీర నీలం, అంచు దీపం. ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేసి 4,000 కెల్విన్ల దగ్గర పెట్టు. ఆటోకి వదిలేస్తే ఆ నీలాన్నో, ఆ నారింజనో చంపేస్తుంది. గట్టు మీద హైమాస్ట్ లైటు వెలిగితే అది ఫ్రేములోకి రాకుండా, దాని వెలుగు మొహాల మీద పడకుండా చోటు చూసుకో. ఇంటికొచ్చాక సాచురేషన్ (రంగుల గాఢత) పెంచకు, అడ్డొచ్చిన రంగుని మాత్రం కాస్త తగ్గించు.

వందా పంపకు. మూడే పంపు, ఒక్కోదాని కింద చీర ఏదో అంచు ఏదో రాసి పంపు.

మీ పెద్దబాపు